తేనె నెర్రె

నా ముప్పై తొమ్మిదో ఏట కొండ ఎక్కడం నేర్చుకున్నాను. మెట్లున్న కొండ కాదు. నిలువుగా లేచిన రాతి గోడను, నడుముకు తాడు కట్టుకొని, వేళ్లతో, కాళ్లతో, ఒక్కోసారి మోచేతులతో ఎక్కడం. నంద్యాలలో ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. తర్వాత “ఎందుకు మేడం?” అని అడుగుతారు. ఎందుకో సరిగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. ఏం జరిగిందో మాత్రం చెప్పగలను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పుట్టింది ఆళ్లగడ్డలో, శిల్పుల ఇంట్లో. మా ఇంట్లో ఆడపిల్లల చేతికి ఉలి ఇచ్చేవాళ్లు కాదు. నీళ్లు చల్లుతూ విగ్రహాన్ని నునుపు రాయితో రుద్దే పని మాత్రం మాదే. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పెద్దవాళ్ల చేతులు పట్టవు కాబట్టి అక్కడ మా చేతులే తిరిగేవి. రాయి ఎక్కడ గరుకో ఎక్కడ మెత్తనో చూడకుండానే చెప్పడం నాకు అలా అలవాటైంది. కొత్త రాయి లారీ దిగగానే నాయన దాని చుట్టూ తిరుగుతూ చిన్న సుత్తితో తట్టి వినేవాడు. ఖంగుమంటే ఉంచుకునేవాడు. దబ్బుమంటే లోపల చీలిక ఉందని పక్కన పెట్టించేవాడు. ధ్వని పాఠం చెప్పేటప్పుడు ఇప్పటికీ పిల్లలకు ఈ ఉదాహరణే చెబుతాను.

నంద్యాల జిల్లా కేంద్రమైన ఏడాది మా బడికి కొత్త పీఈటీ మేడం బదిలీ మీద వచ్చింది. నాకంటే ఆరేళ్లు చిన్నది. వాళ్ల నాయన స్టేషన్ దగ్గర బియ్యం లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. ఆయన పోయాక అమ్మా అన్నా ఆ దుకాణం చూసుకుంటున్నారు. కాలేజీలో ఉండగా ఆమెకు హిమాలయాల్లో నెల రోజుల శిక్షణ దొరికింది. అక్కడ నేర్చుకున్నది వదలకుండా, సెలవుల్లో బాదామీ, హంపీ పోయి ఎక్కి వచ్చేదట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదట చూసింది ఆమె చేతులు. ఒక సోమవారం స్టాఫ్ రూములో రెండు చేతుల వెనకా చర్మం లేచిపోయి, ఎర్రగా, పసుపు పూసుకొని కూర్చుంది.

“చేతులకేమయింది?” అన్నాను.

“రాయికి రుద్దుకున్యాయక్కా. మీ ఊరి కాడి కొండే. ఆళ్లగడ్డ అవతల.”

“ఆడేం పని నీకు?”

“ఎక్కనీక పోయింటి.”

“పైన ఏముండాది?”

“ఏం లేదక్కా.”

పైన ఏమీ లేదని అంత మామూలుగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా వైపు కొండెక్కితే దేవుడైనా ఉండాలి, కట్టెలైనా ఉండాలి. మిగతావాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. అందుకేనేమో, రెండు వారాల తర్వాత మధ్యాహ్నం బువ్వ తింటూ, “అక్కా, తాడు పట్టుకునేందుకు ఒక మనిషి కావల్ల. నేర్పిస్తా, వస్తావా?” అని అడిగింది.

ఆదివారం మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయేవాళ్లం. అక్కడి నుంచి ఆటో, తర్వాత గంట నడక. కొండ మొదట్లో చిన్న చెంచు గూడెం ఉంది. అందులో ఒక పెద్దాయన ఎండాకాలం అడవిలో మంటలు రాకుండా చూసే పనికి పోతాడు, మిగతా రోజుల్లో ఇంత కొర్ర వేసుకుంటాడు. అటవీ శాఖ వాళ్లకు చెప్పినా, చివరికి ఆయనకు చెప్పి పోవడమే అక్కడి పద్ధతి.

మొదటి రోజు ఆయన మా సంచి విప్పించి తాడు పట్టుకొని చూశాడు. మెలి వేసి చూశాడు, లాగి చూశాడు.

“మీరిద్దురూ ఏమైతారు?” అన్నాడు.

“ఏం కాము. ఒగే బడిలో పన్జేస్తాము,” అంది ఆమె.

“తాడు ఎవురు పట్టుకొనేది?”

“అక్క.”

ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. “మాకాడ తేనెకు దిగితే తాడు బావమరిది పట్టుకోవల్ల. వదిల్తే తాళి తెగేది వాళ్లక్కదే కదా. అందుకని వదల్డు. నువ్వేం కావాలని పట్టుకొంటావు?”

“గట్టిగా పట్టుకుంటా,” అన్నాను. ఆయన సంచి నా చేతికిచ్చాడు కానీ నమ్మినట్టు లేడు.

ఆ గోడ పేరు ఆయన చెబితేనే తెలిసింది: తేనె నెర్రె. నూట ఇరవై అడుగుల ఎర్ర రాయి. కింది నుంచి ఒకే నెర్రె. మొదట మనిషి దూరేంత వెడల్పు, తర్వాత పిడికిలి పట్టేంత, యాభై అడుగుల మీద ఒక అరుగు, అరుగు మీద వంకరగా పెరిగిన చిరుమాను చెట్టు. ఆ పైన నెర్రె వేలు పట్టేంతకు సన్నబడి ఒక పెద్ద బండ కిందికి పోయి ముగుస్తుంది. ఆయన తండ్రి కాలంలో ఆ గోడ నిండా తేనెపట్లు ఉండేవట. పై నుంచి అడవి తీగల తాడుతో పట్టు దాకా దిగి, తేనె బుట్టను కిందికి వదిలి, మనిషి మాత్రం రాయి పట్టుకొని పైకి ఎక్కేవాడట. చాలా ఏళ్ల కింద హైదరాబాదు, బెంగళూరుల నుంచి కొండలెక్కేవాళ్లు వచ్చి కింది నుంచి పై దాకా ఎక్కారు. వాళ్లలో ఎవరో చేత్తో గీసిన పటం ఒకటి జిరాక్సుల మీద జిరాక్సులుగా చేతులు మారుతూ వచ్చింది. మా మేడం దగ్గరున్న కాగితంలో సగం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. బండ బొమ్మ పక్కన మాత్రం స్పష్టంగా, “రెండు చేతులతో పట్టుకొని ఒళ్లు పైకి లాగు” అని ఉంది.

ఈ రకం ఎక్కడంలో రాయికి మేకులు కొట్టరు, రంధ్రాలు పెట్టరు. ముందు ఎక్కేవాళ్లు దారిలో నెర్రె వెడల్పును బట్టి ఒక లోహపు ముక్క అందులో ఇరికించి, దానికి తాడు తగిలించి, ఇంకా పైకి పోతారు. జారితే ఆ ముక్క ఆపాలి, కింద తాడు పట్టుకున్న మనిషి ఆపాలి. వెనక ఎక్కేవాళ్లు ఒక్కొక్క ముక్కనూ ఊడదీసుకుంటూ వస్తారు. ఇద్దరూ పైకి చేరాక గోడ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. మన తర్వాత వచ్చేవాళ్లకు మన జాడ ఏదీ కనపడదు. వాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిందే.

రెండు చలికాలాలు నేను వెనక మనిషిగానే ఎక్కాను. వెనక మనిషికి తాడు పై నుంచి ఉంటుంది కాబట్టి జారినా అడుగో రెండడుగులో. అయినా మొదటి రోజు నేను ఇరవై అడుగుల దగ్గర ఆగిపోయి, వెడల్పు నెర్రెలో వీపు ఒక గోడకు, కాళ్లు ఇంకో గోడకు తన్ని పెట్టి, పావుగంట అలాగే ఉన్నాను. పైకి రానూ లేను, దిగనూ లేను. పై నుంచి ఆమె, “అక్కా, రాయిని చూడాకు. కాలు యాడ పెట్టాల్నో అది చూడు,” అని అరిచింది. చూశాను. నా ఎడమ కాలి దగ్గర బొటనవేలు పట్టేంత గుంత. అక్కడ రాయి మిగతా రాయిలా గరుకుగా లేదు, మా ఇంట్లో రుద్దిన విగ్రహంలా నున్నగా ఉంది. ఎన్ని కాళ్లు పెడితే అంత నున్నబడుతుందో నాకు తెలుసు. నేనూ కాలు పెట్టాను.

ఆ తర్వాత బాదామీకి తీసుకుపోయింది. అక్కడ కొన్ని గోడలకు అడుగడుగునా బోల్టులు కొట్టి ఉన్నాయి. ఎక్కడానికి బాగుంది, భయం తక్కువ. కానీ ఇంటికొచ్చాక నాకు గుర్తుకొచ్చింది మా నెర్రే. ఎక్కడ ఏ ముక్క పెట్టాలి, చెయ్యి ఎలా మెలి తిప్పాలి అని బస్సులో కూర్చొని కూడా వేళ్లు కదుపుతూ ఉండేదాన్ని. మా ఆయన చూసి, “ఏం లెక్కలేస్తాండావు?” అనేవాడు.

రెండో చలికాలం చివర్లో ఆమె పడింది.

అప్పటికి ఆ గోడ ఆమె ఆరుసార్లు ముందు ఎక్కింది. ఏడోసారి బండ దగ్గరికి పోయి, పటంలో ఉన్నట్టే రెండు చేతులూ వేసి లాగుతోంది. నేను కింద తాడు పట్టుకొని ఉన్నాను. “అక్కా!” అని ఒక్క కేక. మరుక్షణం నేను రెండడుగులు గాలిలోకి లేచి గోడకు కొట్టుకున్నాను. ఆమె పెట్టిన ముక్కల్లో పైది ఊడి వచ్చింది. దాని కిందిది ఆగింది. ఆగేలోపు ఆమె కాలు అరుగు అంచుకు కొట్టుకుంది. తలకిందులుగా వేలాడుతూ, “కాలు పోయిందక్కా. దించు. బేగా దించు,” అంది. గొంతులో ఏడుపు లేదు. నేను దించాను. ఆమె నేల మీద పడుకున్నాక ముడి విప్పాను.

“బండ కదిలిందక్కా,” అంది. “మీదికొస్తాదని చేతులు వదిలేసినా.”

నేను గూడెం దాకా పరిగెత్తాను. పెద్దాయనా, ఇంకో ముగ్గురూ రెండు కర్రలకు దుప్పటి కట్టుకొని వచ్చారు. ఆటో ఎక్కించేటప్పుడు పెద్దాయన నా అరచేతులు తిప్పి చూశాడు. తాడు ఒరుసుకొని ఒక చెయ్యి కమిలిపోయి ఉంది. “పట్టుకున్యావు,” అన్నాడు. అంతే.

చీలమండ రెండు చోట్ల విరిగింది. నంద్యాలలో ఆపరేషను చేసి మరలు వేశారు. మూడో రోజు వాళ్లమ్మ నన్ను ఇంటికి రమ్మంది. పోయాను. ముందు గదిలో కుట్టు మిషను ఆగి ఉంది. నాకు చాయ్ ఇచ్చి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చుంది.

“తాడు నువ్వే పట్టుకున్యావంట,” అంది.

“అవునమ్మా.”

“వదిలింటే?”

“వదల్లేదమ్మా.”

“అదే అడుగుతాండా. వదిలింటే ఏం చెప్తావు నాకు?”

నేను తల దించుకున్నాను. ఆమె గ్లాసు తీసుకొని లోపలికి పోయింది. తిడితే బాగుండేదనిపించింది. మా ఇంట్లో తిట్టారు. మా ఆయన రెండు రోజులు తిట్టి, మూడో రోజు, “నువ్వు పడింటే పిల్లలకు నేను ఏం చెప్పాల?” అన్నాడు. ఇద్దరూ దాదాపు ఒకటే అడిగారు. తాడు మూట కట్టి మంచం కింద పెట్టేశాను.

ఆ వారంలోనే బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఉద్యోగం చేసే అనంతపురం మనిషి. తేనె నెర్రె రెండు మూడుసార్లు ఎక్కినవాడే. పడిన సంగతి తెలిసి చాలా బాధపడ్డాడు.

“అక్కా, అరుగు మీద రెండు, బండ కాడ రెండు బోల్టులు కొడ్తే సాలు. డ్రిల్లు మేమే తెస్తాము. ఇంగ ఎవురికీ కాలు ఇరగదు,” అన్నాడు.

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. మంచం మీద కాలు పైకి పెట్టుకొని పడుకున్న మనిషిని రోజూ చూస్తున్నదాన్ని, వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆమెనే అడిగాను. “నేను నిలబడేదాకా ఆగమని చెప్పక్కా. పడింది నేను. నేను చూడకుండా దానికి మరలు వెయ్యొద్దండి. నా కాలికి ఏసినారు చాల్లే,” అంది.

ఉగాదికి ఆళ్లగడ్డ పోయినప్పుడు నాయనకు అంతా చెప్పాను. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. పని మానేసి చాలా రోజులైంది కానీ, ఉదయం పూట సుత్తి పట్టుకొని షెడ్డులో కూర్చుంటేగానీ తోచదు. నేను కాలు సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి,

“ఆ బండ ఎట్ల పలికింది?” అన్నాడు.

“ఏంది నాయనా?”

“కదిలింది అంటివి కదా. కదిలే రాయి పలుకుతాది. కొట్టి ఇన్యారా ఎవురన్నా?”

విన్నాం. మిగతా గోడంతా విన్నాం. ఎక్కేవాళ్లందరూ అనుమానం వచ్చిన చోట అరచేత్తో తట్టి చూస్తారు. ఆ బండను మాత్రం ఎవరూ తట్టలేదు. కాగితం మీద పట్టుకోమని ఉంది కాబట్టి అందరం పట్టుకున్నాం. శిల్పి కూతుర్ని, ఏటా ధ్వని పాఠం చెప్పేదాన్ని, నాకు సిగ్గేసింది.

బోల్టుల సంగతి కూడా ఆయన్ని అడిగాను. జీవితమంతా రాళ్లకు రంధ్రాలు కొట్టిన మనిషి, కొట్టుకోమంటాడనే అనుకున్నాను.

“రాయి ఇంటికొస్తే నా రాయి. ఎన్ని గుంతలైనా కొడ్తా,” అన్నాడు. “అది ఆ కొండదమ్మా. ముందు నన్ను ఆడికి తీస్కపో.”

వానలు తగ్గి రాయి ఆరేసరికి దసరా సెలవులు వచ్చాయి. అప్పటికి మా మేడం కుంటకుండా నడుస్తోంది. ముందు ఎక్కడానికి డాక్టరు ఒప్పుకోలేదు. తాడు పట్టుకోవడానికి మాత్రం ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. ముందు ఎవరు ఎక్కాలన్నది మేమిద్దరం మాట్లాడుకోనే లేదు. నేను బెల్టుకు లోహపు ముక్కలు తగిలించుకుంటుంటే ఆమె వచ్చి వాటిని సైజుల వారీగా సర్దింది, అంతే. మా ఆయనకు ముందు రోజు రాత్రి బువ్వ దగ్గర చెప్పాను. “చెప్పి పోతాండావు కదా, అదే సంతోషం,” అన్నాడు.

గూడెం దాకా నాయన ఆటోలో వచ్చాడు. అక్కడి నుంచి పెద్దాయన చెయ్యి పట్టుకొని నడిపించాడు. గోడ కిందికి చేరాక నాయన సుత్తితో అడుగు రాయిని నాలుగు చోట్ల తట్టాడు. పెద్దాయన రాయికి చెవి ఆనించి విన్నాడు. తర్వాత ఇద్దరూ ఒకే బండ మీద కూర్చున్నారు. నాయన ఆ సుత్తిని నూలు తాడుతో నా బెల్టుకు కట్టాడు. “నువ్వు కొట్టు. నేను ఈడ్నుంచి ఇంటా,” అన్నాడు.

ముందు ఎక్కడమంటే ఏంటో నాకు అరుగు దాకా పెద్దగా తెలియలేదు. చోట్లన్నీ నా కాళ్లకు గుర్తున్నాయి. చిరుమాను దగ్గర నిలబడి నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాక తెలిసింది. పై నుంచి తాడు లేదు. నేను పెట్టిన ముక్క నా మోకాళ్ల దగ్గర ఉంది, తర్వాత పాదాల దగ్గర, తర్వాత పాదాల కింద. బండ కిందికి చేరేసరికి కుడి కాలు కుట్టు మిషను సూదిలా కొట్టుకుంటోంది. వేలంత నెర్రెలో ఒక ముక్క ఇరికించి, లాగి చూసి, ఇంకొకటి ఇరికించాను. అప్పుడు సుత్తి తీసి గోడను తట్టాను. ఖంగుమంది. బండను తట్టాను.

దబ్బు.

డెబ్భై అడుగుల కింద నుంచి నాయన గొంతు వినిపించింది. “డొల్ల! ముట్టుకోవాకు! దాన్ని ముట్టుకోవాకమ్మా!”

ఇంకో మూడు చోట్ల తట్టాను. మూడు చోట్లా అదే. ఆ బండ గోడలో భాగం కాదు. గోడకు ఆనుకొని కూర్చున్న వేరే రాయి. ఇన్నేళ్లు ఎంతమంది దాన్ని కౌగిలించుకొని పైకి ఎక్కారో.

“దిగుతావా అక్కా?” అని కింద నుంచి ఆమె అడిగింది.

దిగవచ్చు. తప్పేమీ కాదు. దిగుదామనే అనుకున్నాను. అప్పుడు పెద్దాయన లేచి నిలబడ్డాడు. “మీరు బండ పక్క పోతారని ఇప్పుడే చూస్తాండా. ఆడ పనేమి నీకు? మా నాయన ఎడం పక్కన వచ్చేవాడు. మూల తిరిగి చూడు.”

ఎడమ వైపు నున్నటి గోడ, తర్వాత ఒక మూల. ఆ మూల అవతల ఏముందో కింద నుంచి కనపడదు, అరుగు మీది నుంచీ కనపడదు. ఎడమ చెయ్యి చాచి మూల తిప్పి వేళ్లతో వెతికాను. చిన్నప్పుడు విగ్రహం చెవి వెనక వెతికినట్టే. వేళ్లకు అంచు తగిలింది. దాని కింద సన్నటి నెర్రె. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా చిన్న ముక్క, చింతగింజంత ఉంటుంది, అందులో పెట్టి లాగాను. కూర్చుంది. కాలు మార్చి, ఒళ్లంతా మూలకు ఆనించి, అవతలికి తిరిగాను. కింద ముగ్గురూ నాకు కనపడకుండా పోయారు. తాడు ఒక్కటే కొంచెం కొంచెంగా, నేను అడగకుండానే, నాకు కావలసినంత వస్తూ ఉంది.

మూల అవతల పాదం పెట్టేంత మెట్టు ఉంది. చెక్కింది కాదు, అరిగింది. కిందున్న నున్నటి గుంత లాంటిదే. దాని మీద ఇంకొకటి. అక్కడి నుంచి పై దాకా నేను ఎక్కడా ఆగలేదు.

పైన నిజంగానే ఏమీ లేదు. బోద గడ్డి, ఎండిన ఆకులు, దూరంగా ఆళ్లగడ్డ వైపు చేలు. దాహం తప్ప నాకు వేరే ఏమీ తెలియలేదు. తాడు కట్టి, ఆమెను పిలిచాను. డాక్టరు ముందు ఎక్కొద్దన్నాడు కానీ, వెనక ఎక్కొద్దనలేదని ఆమె వాదన. నలభై నిమిషాలు పట్టింది. మూల తిరిగి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు, “ఓ యమ్మా, ఈడుండాదా ఇది!” అని అరవడం వినిపించింది. పైకి వచ్చి నా పక్కన కూర్చొని చాలాసేపు కాలు నిమురుకుంది. “ఏడుసార్లు వచ్చినానక్కా. ఒక్కసారన్నా ఎడం పక్కకు చూడలేదు,” అంది.

డిసెంబరులో అనంతపురం మనిషి ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. డ్రిల్లు కూడా తెచ్చాడు. దాచలేదు, సంచి మీద పెట్టి చూపించాడు. మేము ఎడమ దారి చూపించాం. ముగ్గురూ ఎక్కి వచ్చారు. పైన కూర్చొని గంట వాదించుకున్నాం.

“మీకు తెలుసు, మాకు చూపించినారు. రేపు తెలీనోడు వచ్చి బండ పట్టుకొంటే?” అన్నాడు అతను.

“తెలీనోడికి చెప్పల్ల. మేకు కొడ్తే చెప్పే పని తప్పుతాది అంతే,” అంది మా మేడం.

అతని స్నేహితుల్లో ఒకామె, “నేను రెండు బస్సులు మారి వచ్చింది ఇట్లాంటి మూల కోసమే. ఆ మూల కాడ బోల్టు కనపడి ఉంటే చెయ్యి తిప్పి వెతికేదాన్నే కాదు,” అంది. దిగి వచ్చాక పెద్దాయనను అడిగారు. ఆయన డ్రిల్లును అటూ ఇటూ తిప్పి చూసి, “వద్దు,” అని తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు గూడెంలో కూర్చొని అతనే కొత్త పటం గీశాడు. బండ పక్కన, “డొల్ల. ముట్టుకోవద్దు. ఎడమకు పోవాలి,” అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాడు. ఇప్పుడు ఆ పటం ఫోన్లలో తిరుగుతోంది.

మా మేడం వాళ్లమ్మ నాతో మళ్లీ మాట్లాడడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. రంజానుకు నన్ను భోజనానికి పిలిచింది. కొండ మాట ఎత్తలేదు. మేము పోతున్నామని ఆమెకు తెలుసు. పోయే ముందు రోజు కూతురు చెబుతుంది. ఆమె వినీ విననట్టు మిషను తొక్కుతూ ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఒప్పుకోమని అడగడానికి మాకు హక్కు లేదు.

ఈ చలికాలంలో ఒక పెద్దావిడ రైల్లో నంద్యాల వచ్చింది. పుణెలో ఉంటుందట. అరవై ఒకటి. జుట్టు పూర్తిగా తెల్లబడింది, చేతులు మాత్రం తాపీ మేస్త్రీ చేతుల్లా ఉన్నాయి. యవ్వనంలో ఒకసారి తేనె నెర్రెకు వచ్చి, అరుగు దగ్గర భయపడి దిగిపోయిందట. మళ్లీ రావాలని అనుకుంటూ ఉండగా ఉద్యోగం, పిల్లలు, మోకాలి ఆపరేషను అన్నీ అయిపోయాయి. మా మేడం ఉర్దూలో, ఆవిడ హిందీలో మాట్లాడుకున్నారు. నాకు ముక్కలు ముక్కలుగా అర్థమైంది.

ఆమెను మధ్యలో పెట్టుకొని ముగ్గురం ఎక్కాం. వెడల్పు నెర్రెలో ఆమె వీపు ఆనించి, నవ్వి, ఏదో అంది. “ఏమంటాండాది?” అని పైకి అరిచాను.

“అప్పుడు ఈ గుంతలోనే కాలు పెట్టినానని చెప్తాండాదక్కా! అట్లే ఉండాదంట!”

అరుగు మీద ఆమె చాలాసేపు నిలబడింది. మేము తొందర చేయలేదు. ఇక్కడే దిగిపోయిందని మాకు తెలుసు. భయం పోయిందా అని మా మేడం అడిగితే, లేదు, అదే భయం, అదే చోట ఉంది అని చెప్పింది. తర్వాత ఎక్కింది. మూల దగ్గర రెండుసార్లు జారింది. మూడోసారి చెయ్యి తిప్పి అంచు దొరికించుకుంది. పైకి వచ్చింది. బూట్లు విప్పి, గడ్డిలో కాళ్లు చాపి, మేము పంచిన బొరుగుల ఉగ్గాణి అంతా తినేసింది.

పడే ప్రమాదం ఉన్నచోటికి, పైన ఏమీ లేనిచోటికి, ఇంత దూరం నుంచి మనుషులు ఎందుకు వస్తారని నన్ను అడిగేవాళ్లకు నేను ఇప్పుడు ఆమె సంగతి చెబుతున్నాను. ఆమెను ఓడించిన గోడను ఎవరైనా సులువు చేసి పెట్టి ఉంటే, ఆమె వెతుక్కుంటూ వచ్చింది ఇక్కడ ఉండేది కాదు. పెద్దాయన తండ్రి చెయ్యి వేసిన అంచు మీద ఆమె చెయ్యి వేసింది, నేనూ వేశాను. మా ముగ్గురికీ అది అంతే కష్టంగా ఉంది. నాకు తెలిసిన జవాబు అంతవరకే.

మర్నాడు ఉదయం ఆమెను స్టేషన్‌లో దింపాం. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగుతూ ఆమె తన వేళ్లు మడిచి తెరిచి చూసుకుంటూ ఉంది. రైలు పోయాక మేమిద్దరం ఆటో పట్టుకొని బడికి పోయాం. మొదటి పీరియడ్ నాకు ఎనిమిది బీ. చేతులు నొప్పిగా ఉండి, బోర్డు మీద సుద్దముక్కతో రాయడం కొంచెం కష్టమైంది.